పడవ సందుల్ల ఎర్ర నూలు

రేకు ఊడబీకే చప్పుడు నాకు పొద్దుగాల్నే వినబడ్డది. మా ఇంటికీ అంతమ్మ వదినె ఇంటికీ నడుమ నాలుగిండ్లు, ఒక తుమ్మచెట్టు, గంతే. వాకిట్ల కూసోని నిన్నటి పేపరు చదువుతున్న. తుప్పు పట్టిన మొల కట్టెల నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒక తీరుగ కూత పెడ్తది, దానెంబడే రేకు గలగలమంటది. చదివిన వరుసనే మళ్ల మళ్ల చదివిన. వయసుతోని చూపు ఆనుతలేదనుకొని మా ఇంటామె చాయ గిలాస దగ్గరికి జరిపింది. డెబ్బై దాటినోనికి ఏది తప్పినా వయసు మీదికే పోతది. నేను గూడ పోనిచ్చిన.

గా రేకు ఎక్కడిదో చూడకుండనే తెలుసు. అంతమ్మ వదినె ఇంటి వెనుక ఒక కట్టెపడవ ఏండ్ల సంది గోడకు బోర్లిచ్చి ఉన్నది. అడుగంత రేకు తొడిగి, రేకు మీద తారు పూసి ఉంటది. దాని మీద కోళ్లు ఎక్కుతయి, వానకాలం దాని కింద కుక్క ఈనుతది. గంప లెక్క గుండ్రటి ఫైబరు పుట్లు వచ్చినంక దాన్ని పట్టించుకున్నోడు లేడు. ఇప్పుడు వదినె మనుమడు నరేశ్ దాన్ని మళ్ల నీళ్లల్లకు దించాలెనని పట్టు బట్టిండు. పుట్టిల ఒక్కడే పడ్తడు, గాలొస్తె బొంగరం తిరిగినట్టు తిరుగుతది, పెద్ద వలలు పట్టవు. పాత రేకు తీసి, పుచ్చిపోయిన పలకలు మార్చి, పైన ఫైబరు తొడుగు వేసి, వెనుక ఇంజన్ బిగిస్తె దానంత పడవ ఈ ఒడ్డున ఇంకోటి ఉండదని వాని లెక్క. లెక్క తప్పు కాదు. టేకు పలకల పడవ అది.

అంతమ్మ వదినె నాకు చుట్టం కాదు. వాళ్లు చేపలు పట్టేటోళ్లు, మేము మగ్గం నేసేటోళ్లం. ఆమె పెనిమిటి ఎల్లయ్యను నేను అన్నా అని పిలిచిన గనుక ఆమె వదినె అయింది. ఎల్లయ్యన్న గీ పడవలనే పోయి నీళ్ల పాలైండు. అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లుండొచ్చు. రేకు కొట్టింది గా తర్వాతనే. దాని కింద ఏమున్నదో లోకంల నాకొక్కనికే తెలుసనుకొని ఇన్నేండ్లు బతికిన. ఎల్లయ్యన్న గురించి నేను రాసినన్ని కాయిదాలు ఎవడూ రాసి ఉండడు. రాయని ముచ్చట ఒక్కటే ఉండిపోయింది. ఇప్పుడు రాస్తున్న.

మాది ముందుగాల ఒట్టి మెట్ట ఊరు. జొన్నలు, కందులు, ఆముదాలు. నందికొండ దగ్గర కృష్ణకు కట్ట కట్టినంక నీళ్లు వెనుకకు ఎగదన్ని మా ఊరి అంచు దాక వచ్చినయి. నీళ్ల వెంట చేపలు వచ్చినయి, చేపల వెంట గుత్తేదారు వచ్చిండు. ఎక్కడ్నుంచో కట్టెపని చేసే వడ్లాయనను పిలిపించి ఎల్లయ్యన్న పడవ చేపిచ్చుకున్నడు. మా ఊరోళ్లు గప్పటి దాక చెరువుల తెప్ప తప్ప పడవ చూసినోళ్లు కాదు. మా బాపు మగ్గం దిగి వచ్చి, పలకల నడుమ సందులు వేలుతోని తడిమి చూసి, "నేత పల్చగున్నది గదనే ఎల్లయ్యా, నీళ్లు ఆగుతయా?" అన్నడంట. "నేత నాది, నిండుదనం నీది పద్మశాలాయనా. నూలియ్యి" అన్నడంట ఎల్లయ్యన్న. గప్పటి సంది ప్రతి ఎండకాలం పడవ సందులకు నూలు మా ఇంటి నుంచే పోయేది.

పని గిట్ల ఉండేది. ఎండలు ముదిరినంక పడవను ఒడ్డుకు ఈడ్చి బోర్లిస్తరు. సందుల్ల పాతది గీకి పారేస్తరు. పచ్చి నూలు పోగులను తాడు లెక్క పేని, సందుల్ల పెట్టి, చెక్క ఉలి ఆనిచ్చి, కొయ్యసుత్తెతోని కొట్టుకుంట పోతరు. పైన గుగ్గిలం, ఆముదం కలిపి కాచింది వేడివేడిగ పూస్తరు. ఆ నూలు నూనె తాగి ఉబ్బి, పలకా పలకా అతికినట్టయితది. గుగ్గిలం కాగుతుంటె వచ్చే వాసన ఊరంత కమ్ముకునేది. బాపు మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసోని, "ఎల్లయ్య పొయ్యి ముట్టించిండు, ఇగ మిరుగు దగ్గరికొచ్చింది" అనేటోడు. మిరుగు అంటే మృగశిర కార్తి. ఆ నాడు మా దిక్కు చేప తినని ఇల్లుండదు. ఎల్లయ్యన్న మొదటి వల చేప మా ఇంటికి వచ్చేది. నూలుకు అదే బదులు.

అయితే ఏ నూలు పడితే ఆ నూలు పనికిరాదు. మగ్గానికి ఎక్కే పడుగుకు మేము గంజి పెడ్తం. గంజి పెట్టకుంటె పోగు మగ్గం అచ్చు పండ్ల నడుమ రాసుకొని తెగిపోతది. మా అమ్మ పొద్దుగాల పెద్ద కుండల గంజి కాచేది. పులిసిన గంజి వాసన మా ఇంటి గోడలకు, మా బట్టలకు, మా తలవెంట్రుకలకు పట్టి ఉండేది. బడికి పోయిన నాలుగు దినాలు పక్క పిలగాండ్లు ముక్కు మూసుకుంటే ఐదోనాటి సంది పోవుడు బందు పెట్టిన. గంజి తాగిన పోగు నూనె తాగదు. పడవ సందుల పెడితే మొదట బిర్రుగనే ఉంటది. నీళ్లల్ల నానినంక గంజి కరిగిపోతది, పోగు పీల్చుకపోయి వదులైతది. అందుకని కండెలు చుట్టేటప్పుడు తెగిన పచ్చి నూలు ముక్కలను ఏడాది పొడుగూత ఒక సంచిల దాచిపెట్టేటోళ్లం. ఆ సంచి నింపుడు నా పని. అంతమ్మ వదినె వచ్చి పోగు నాలికకు పెట్టి చూసి తీస్కపోయేది. గంజి తగిలిన పోగు నాలికకు అంటుకుంటది, జర పుల్లగుంటది. ఆమె నాలికను దాటి గంజి పోగు ఒక్కటి గూడ పోలేదని బాపు నవ్వుకుంట చెప్పేటోడు.

ఆ ఏడు నేను సంచి నింపలే. కట్ట దగ్గర కాలనీల డేరా సినిమా పడ్డది. మధ్యాహ్నం ఆటకు నడిచి పోయేది, పొద్దుగూకంగ నడిచి వచ్చేది. కండెలు చెల్లె చుట్టింది. అది తెగిన ముక్కలను ఊడ్చి పారబోసింది. దాని తప్పేం లేదు, దానికెవ్వరు చెప్పిండ్రు. వదినె రేపొస్తదనంగ చూస్తే సంచి అడుగు గూడ నిండలే. మగ్గం కింద కోసేసిన ఎర్ర పడుగు తుంటలు కుప్పగ ఉండె. గంజి పెట్టినయి. తొట్టిల చల్ల నీళ్లు పోసి రెండు మార్లు జాడించిన, బండ మీద ఎండబెట్టిన. చౌడు వేసి ఉడుకు నీళ్లల్ల మరిగిస్తె తప్ప గంజి పోదని నేతోని కొడుక్కు తెలువదా? తెలుసు. తెలిసే చేసిన. ఎర్రది నడుమ కుక్కి, ఉన్న తెల్ల నూలు చుట్టు సర్దిన.

వదినె వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సంకల ఉన్నడు. సంచి ఎత్తి చూసి, "ఏం సత్తయ్యా, బరువుగనే ఉన్నదే. డేరాల కూసున్నోనివి ఎప్పుడు చుట్టినవ్?" అన్నది.

"చుట్టిన వదినె. నన్ను నువ్వెప్పుడు లెక్క జేసినవ్ గని."

మీది పోగు తీసి నాలికకు పెట్టుకున్నది. నేను గడపల నిలబడి చూస్తున్న. ఆమె పిలగాడు గూడ అడిగితె వానికీ ఒక పోగు అందించింది. "బాగున్నది. నీ పెండ్లానికి పని చెప్పే తిప్పలుండదు పో" అని సంచి నెత్తిన పెట్టుకొని పోయింది. లోపల చెయ్యి పెట్టి చూడదని నాకు తెలుసు. మా ఇంటి సంచిల చెయ్యి పెట్టుడంటె మా బాపును అనుమానపడ్డట్టు. ఆమె మర్యాదను నేను తెరువు చేసుకున్న.

తెల్లారి కొయ్యసుత్తె చప్పుడు మొదలైంది. నేను ఒడ్డుకు పోకపోతె బాగుండని పడుకున్న గని బాపు ఆముదం ఇచ్చి పంపిండు. ఎల్లయ్యన్న పడవ మీద గుర్రం ఎక్కినట్టు కూసున్నడు. నల్లగ, ఈపు మీద ఎండ మెరుస్తుండె. చేతుల ఎర్ర పోగు పట్టుకొని నా దిక్కు చూసిండు.

"ఎర్రదేందిరా తమ్మీ?"

"రంగేసిన నూలన్నా. పచ్చిదే. గంజి తగల్లే."

"నువ్వు చెప్పినంక ఇంకేంది. నా పడవకు పెండ్లిచీర కట్టిస్తున్నవన్న మాట" అని నవ్వి, పోగు సందుల పెట్టి సుత్తె ఎత్తిండు. మా బాపు చెప్తె నమ్మినట్టే నమ్మిండు. అంత పెద్ద మనిషి నన్ను నమ్మినందుకు గా పూట నాకు లోపల గర్వమైంది గూడ. దాచుకొని లాభమేంది, అయింది.

మిరుగుకు ముందునాడు గాలి లేచింది. నీళ్ల మీద తెల్లగ నురుగు కొడ్తుంది. ఎల్లయ్యన్న వలలు మడత పెట్టుకొని కూసున్నడు. గుత్తేదారు మనుషులు వచ్చి, మిరుగుకు చేప ఇయ్యకపోతె రేపటి సంది నీళ్లల్ల వల వెయ్యనియ్యం అన్నరు. ఊరోళ్లు అందరు విన్నరు. అన్న, వదినె తమ్ముడు కొమరయ్య ఇద్దరు పడవ దింపిండ్రు. పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి కొమరయ్య ఒక్కడే తెడ్డు పట్టుకొని ఈదుకుంట ఒడ్డుకు వచ్చిండు. వాడు చెప్పింది నేను చెవులార విన్న. "నీళ్లు మీదినుంచి రాలే. అడుగునుంచి వచ్చినయి. బావ చేతులతోని తోడిండు, తోడంగ తోడంగ వల కాళ్లకు సుట్టుకున్నది." రెండో దినం అన్న దొరికిండు. మిరుగు నాడు. ఊరంత చేప వండుకున్న పొయ్యిలు ఆర్పేసి ఒడ్డుకు వచ్చిండ్రు.

గా దినం సంది నేను చేప తినలేదు. మా ఇంటామె మొదట్ల తిట్టేది, తర్వాత వదిలేసింది. బాపు నన్ను ఒక్కటే మాట అడిగిండు. "మగ్గం కింద ఎర్ర తుంటలుండె, ఏమైనయిరా?" పొయ్యిల పెట్టిన అన్న. ఆయన నా మొఖం దిక్కు చానసేపు చూసిండు, మగ్గం గుంతల దిగిండు. తర్వాత బతికినన్నాళ్లు ఎర్ర పడుగు నెయ్యలే. ఎందుకని ఎవరన్న అడిగితె కండ్లు గుంజుతున్నయనేటోడు. ఇంకో మాట అడగకుండనే పోయిండు. అడిగి కొట్టి ఉంటె నేను ఇంకో తీరు మనిషిని అయ్యేటోన్నేమో.

గుత్తేదారు మనుషులు ఎల్లయ్య తాగి పడ్డడని చెప్పిండ్రు. కాయిదం మీద గూడ గట్లనే రాయించిండ్రు. నాకు మండింది. నీళ్ల మీదికి పోయే నాడు కల్లుకుండ దిక్కు గూడ చూడని మనిషి ఆయన. ఆ కాయిదంల ఏమున్నదో చదివేటోడు మా వాడకట్టుల లేడు, నాకు రాదు. వదినె వేలిముద్ర వేసింది, దాని కింద ఏమున్నదో ఆమెకు తెల్వదు. గప్పుడు నేను అక్షరాలు నేర్చుకున్న. బడి లేదు, పంతులు లేడు. నూలు కట్టల మీది చీటీలు, రంగు పొట్లాలు కట్టిచ్చిన పాత పేపర్లు, బస్సు బోర్డులు. మగ్గం మీద కూసోని నేసుకుంట ఎదురుంగ గోడకు పేపరు అతికిచ్చుకొని ఒక్కొక్క మాట విప్పిన. రెండేండ్ల తర్వాత మొదటి అర్జీ రాసిన. "ఎల్లయ్య తాగలేదు. గాలిల బలవంతంగ పంపిండ్రు. భార్యకు న్యాయం చెయ్యాలె." నల్లగొండకు పోయిన, హైదరాబాదుకు పోయిన. బయట బెంచీల మీద కూసొవెట్టిండ్రు, రేపు రమ్మన్నరు, ఫైలు దొరకలేదన్నరు. నేను కోపం నేర్చుకున్నది గా బెంచీల మీదనే. తర్వాత ఊరి బాధలన్నిటికి నేనే రాసిన. మర్రిగూడల మా అక్క ఫ్లోరిన్ నీళ్లు తాగి తాగి నడుం వంగి నేలను చూసుకుంట నడిచేది, ఆమె కోసం, ఆమె వాడకట్టు కోసం రాసిన. అర్జీల సత్తయ్య అని పేరు పడ్డది. వదినె కొడుక్కు నేనే ఓనమాలు దిద్దిచ్చిన. వాడు హుజూర్‌నగర్ రైసుమిల్లుల పనికి పోయినంక వాని కొడుకు నరేశ్‌కు దిద్దిచ్చిన. ఎల్లయ్యన్న గురించి నేను రాసిన ప్రతి మాట నిజం. పడవల నీళ్లు అడుగునుంచి ఎందుకొచ్చినయో మాత్రం ఏ అర్జీల రాయలే.

గిదంత మోసుకొని గా పొద్దున రేకు చప్పుడు దిక్కు నడిచిన. నరేశ్ బనియన్ మీద ఉన్నడు. పక్కన కెమికల్ డబ్బాలు, ఫైబరు గుడ్డ చుట్ట, గోడకు ఆనిచ్చి పెట్టిన ఫోనుల ఎవడో ఏ భాషలనో పడవ గురించి చెప్తున్నడు. ఆ డబ్బాల వాసనకు ముక్కు మండుతది, తల తిరుగుతది. గుగ్గిలం వాసనకు ఆకలయ్యేది. ఇప్పటోళ్లకు ప్రతి పని నేర్పేటోడు ఫోనుల ఉన్నడు, ఎవని చెయ్యి ఎవడూ పట్టుకోడు. సర్కారు చేప పిల్లల లారీ వచ్చిన నాడు లీడర్లు ఒడ్డున జమైతరు, సంచి పట్టుకొని ఫోటో దిగుతరు, పోతరు. ఆ పిల్లలు బతికినయా సచ్చినయా అని మళ్ల ఒక్కడన్న వచ్చి చూసిండా? నాకు గిట్ల కోపం రావుడు సుఖం. కోపంల ఉన్నంతసేపు ఇంకోటి యాదికి రాదు.

"రా తాతా" అన్నడు నరేశ్. "మంచి టైముకొచ్చినవ్. సందులకు లప్పం పెడ్తనంటె అవ్వ వింటలేదు. నూలే పెట్టాలెనంట. మీ ఇంట్ల పచ్చి నూలు ఉన్నదా?"

"ఉన్నది" అన్న.

"ఇగ గిది చూడు." నడిమి రేకు ఎత్తి పట్టుకున్నడు. నల్లబడ్డ పలకలు. చాన సందులు ఒట్టిగ, నోరు తెరిచి ఉన్నయి. గుగ్గిలం గడ్డ కట్టిన రెండు మూడు చోట్ల మాత్రం, దాని కింద, వేలెడు పొడుగున ఎర్రగ. రంగు వెలిసింది గని ఎర్రదే. మా అమ్మ అద్దిన ఎరుపు. "గిదేంది తాతా, ఎర్రగ?"

"ఏదో గుడ్డపేలిక కావచ్చు బిడ్డా" అన్న.

అన్నంక నాకు నా మాట వినబడ్డది. పద్దెనిమిదేండ్ల వయసుల వాని తాతతోని ఏ గొంతుతోని అబద్ధమాడిన్నో, డెబ్బై దాటినంక మనుమనితోని అదే గొంతుతోని ఆడిన. గంత సులువుగనే వచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్ని అర్జీలు రాసి, ఇన్ని దఫ్తర్ల ముందర అబద్ధాలకోరులని అరిచి నేను బాగు చేసుకున్నదేంది? వాడు పేలిక అనుకొని గోరుతోని గీకి కింద పారేసిండు. నేను వంగి దాన్ని ఏరుకున్న. ఇంటి ముంగట అరుగు మీద వదినె కూసోని ఉన్నది. కండ్లు మసక, చెవులు బాగనే వినిపిస్తయి. పోయి ఆమె పక్కన కూసున్న. చేతిల పోగు ఆమె అరచేతిల పెట్టిన.

"వదినె, గిది పడవలది. గా యేడు నేనిచ్చిన నూలు. గంజి పెట్టింది. నాకు ఎరుకుండే ఇచ్చిన."

ఆమె దాన్ని వేళ్ల నడుమ నలిపింది. వెనుక నరేశ్ సుత్తె చప్పుడు వస్తుంది. కోడి ఒకటి మా కాళ్ల నడుమ నుంచి పోయింది.

"ఎరికే" అన్నది.

నాకు సరిగ్గ వినబడలేదనుకున్న.

"సంచిల కొంచెం మిగిలిపోయి ఉండె సత్తయ్యా. దినాలు అయినంక ఇల్లు సదురుతుంటె దొరికింది. నాలికకు పెట్టి చూసిన. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు సందులు చూసిన. ఎర్రటియి కొన్ని వేలాడుతుండె. కొమరిగాన్ని పిలిచి రేకు కొట్టియ్యమన్న. ఎందుకక్కా అన్నడు. కొట్టు అన్న."

"చెప్పకపోతివి గదనే."

"చెప్తె ఏమయ్యేది? మావోళ్లు మీ బాపు మగ్గం ఇరగ్గొట్టేటోళ్లు. నువ్వు ఊరిడిసి పోయేటోనివి. పోతె నా కాయిదాలు ఎవరు రాసేటోళ్లు? నా పిలగానికి సదువెవరు చెప్పేటోళ్లు?" ఆమె గొంతుల కోపం లేదు. బియ్యం ఏరినట్టు మాటలు ఏరి పెడ్తుంది. "నువ్వు దఫ్తర్ల పొంటి తిరుగుతుంటె చూసేదాన్ని. ఎండల పోయేది, మొఖం మాడ్చుకొని వచ్చేది. ఒక్కొక్కపారి పాపమనిపిచ్చేది. చెప్పి ఇడిసిపెడ్దామనుకున్న. మళ్ల నా పెనిమిటి యాదికొచ్చేటోడు. తిరుగనియ్యి అనుకున్న."

నన్ను క్షమించిందనుకోవాల్నా, శిక్ష వేసి దాని దినాలు నాకు చెప్పకుండ లెక్క పెట్టిందనుకోవాల్నా? రెండూ ఒక్కతాననే ఉన్నయి. నేను నా మనసుతోని నేనే నేర్చుకున్ననని మురిసిన చదువు, నా న్యాయమని మోసిన కోపం, అంత ఆమె అరుగు మీద కూసోని చూస్తుండంగ జరిగింది. నాకు కోపం రాబోయింది, రానిచ్చే హక్కు లేక మింగిన.

"నరేశ్‌కు చెప్పాలె" అన్న.

"చెప్పు. నీ నోటితోనే చెప్పు. నేను చెప్ప."

చెప్పిన. పడవ పక్కన నిలబడి, సంచి కాడ్నుంచి అబద్ధం దాక, పేలిక అన్న మాట దాక చెప్పిన. వాడు చేతిల సుత్తె పట్టుకొని విన్నడు. ఫోనుల మనిషి మాట్లాడుతనే ఉన్నడు, నరేశ్ దాన్ని బందు పెట్టిండు. "మా తాత ఫోటో గూడ లేదు తాతా మా ఇంట్ల" అన్నడు. గంతే. తర్వాత మొలలు ఏరి డబ్బాల వేసుడు మొదలుపెట్టిండు. నేను ఇంటికి వచ్చి రాట్నం ముంగట కూసోని, పచ్చి నూలు కొత్త కట్ట విప్పి, రెండు దినాలు పోగులు చుట్టిన. ముక్కలు కాదు, నిండు పోగులు. సంచిల పెట్టి మా ఇంటామెతోని పంపిచ్చిన. నేను పోలే.

నెల దాక వాడు మా గడప తొక్కలే. సుత్తె చప్పుడు వచ్చేది. తర్వాత గీకుడు చప్పుడు, తర్వాత కెమికల్ వాసన. ఒకనాడు కొత్త ఇంజన్ కూత పెట్టి ఆగింది. నేను వాకిట్ల కూసోని చప్పుళ్లను బట్టి ఏ పని అయిందో తెలుసుకుంట ఉన్న. ఊరోళ్లకు వాడేమి చెప్పినట్టు లేదు. ఎవ్వరూ నన్ను ఏమనలే. అదే భారమనిపిచ్చింది.

రెండు మంచి వానలు పడ్డంక ఒక పొద్దున వచ్చి తుమ్మచెట్టు కాడ్నే నిలబడ్డడు. "అవ్వ పడవ ఎక్కుతదంట."

"వదినెనా? ఆయన పోయిన సంది నీళ్లల్ల కాలు పెట్టలే గద బిడ్డా."

"అవును. నువ్వెక్కితేనే ఎక్కుతదంట. నాకేం తెల్వదు. రా."

పోయిన. పడవ గుర్తుపట్టరానట్టు ఉన్నది. పైన నీలం ఫైబరు తొడుగు, వెనుక ఇంజన్, కూసొనీకె కొత్త పలకలు. లోపలి దిక్కు మాత్రం పాత టేకు అట్లనే ఉంచిండు, నూనె పెట్టి తుడిచిండు. పలకల నడుమ తెల్ల నూలు గీతలు తిన్నగ కనబడుతున్నయి. ఇద్దరం పట్టుకొని వదినెను ఎక్కిచ్చినం. ఆమె నడుమ కూసున్నది, నేను ఆమెకు ఎదురుంగ. నరేశ్ ఇంజన్ తాడు గుంజిండు. కొంచెం దూరం పోయినంక వదినె చెయ్యి ఎత్తి దాన్ని బందు పెట్టమన్నది. పడవ దానంతటదే ఊగుకుంట నిలబడ్డది. నీళ్లు పచ్చగ, లోతుగ. ఎదురు ఒడ్డు గుట్టల మీద వాన మబ్బులు.

"గీడ్నేనంట" అన్నది వదినె. "కొమరిగాడు చెప్పేటోడు. రెండు గుట్టలు ఒక్కటైనట్టు కనబడే కాడ."

నరేశ్ రెండు గుట్టల దిక్కు చూసిండు. నేను చూడలే. ఎక్కిన కాడ్నుంచి నా కండ్లు పడవ అడుగు మీదనే ఉన్నయి. ఒక్కొక్క సందు వెంట చూపుతోని పోతున్న, మళ్ల మొదటికి వస్తున్న. వేళ్లతోని నూలు ఒత్తి చూస్తున్న. ఎక్కడన్న మెరుస్తె వంగుతున్న. అది నూనె మెరుపు. తడి లేదు. వదినె మసక కండ్లతోని నన్నే చూస్తుందని నాకు ఎంతసేపటికో తెలిసింది.

"నీళ్లొస్తున్నయా సత్తయ్యా?"

"లేదు వదినె. రాలే."

"గా నాడు గిట్ల చూసి ఉంటె అయిపోవు గదా" అన్నది.

నరేశ్ ఇంజన్ తాడు పట్టుకున్నడు గని గుంజలే. పడవ మమ్ముల ముగ్గుర్ని మోసుకొని అట్లనే ఊగుతుంది. నేను తల ఎత్తలే. రెండు అరచేతులు అడుగు పలకకు ఆనిచ్చి, తడి తగుల్తదేమోనని, మళ్ల ఒడ్డు చేరే దాక గట్లనే కూసున్న.